ఇంటి కింద గాలి

కెనడా ఉత్తరపు కొసన ఉన్న మా డాసన్ ఊళ్ళో ఇంటికి పునాది కన్నా ముఖ్యమైనది ఇంటి కింద గాలి. నేల అడుగున మంచు ఉంటుంది, ఏ కాలం నాటిదో, రాయిలా బిగుసుకుపోయి. దాని మీద దుంగలు పేర్చి, దుంగల మీద ఇల్లు నిలబెట్టి, మధ్యన మోకాలెత్తు ఖాళీ వదిలేస్తాం. చలికాలంలో ఆ ఖాళీలో గాలి ఆడితే నేల గట్టిగా ఉంటుంది. వెచ్చగా ఉంటుంది కదా అని దాన్ని మూసేస్తే పొయ్యి వేడి నేలలోకి దిగి మంచు కరుగుతుంది, ఇల్లు కుంగుతుంది. ఈ సంగతి మా ఊళ్ళో బడికెళ్ళని పిల్లలకి కూడా తెలుసు. వెనకటికి 1898లో బంగారం కోసం పరిగెత్తుకొచ్చినవాళ్ళకే తెలియలేదు. అందుకే వాళ్ళు కట్టిన సగం ఊరు తాగి వచ్చిన పెళ్ళివారిలా ఒకరి మీద ఒకరు ఒరిగి ఉంటుంది. అది చూడ్డానికే వేసవి వచ్చిందంటే బస్సుల నిండా జనం దిగుతారు.

మా ఆయన ఎమిల్ యూరిచ్ పని ఆ ఒరిగిన ఇళ్ళని నిలబెట్టడం. జాకీలు వేసి లేపి, దుంగలు సర్ది, రసమట్టం పెట్టి చూసుకుని, బుడగ నడిమికి వచ్చేదాకా కింద పడుకునే ఉండేవాడు. ఎవరైనా ఇంటి కింద ఖాళీని చెక్కలు కొట్టి మూస్తే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి మరీ తిట్టేవాడు. "ఇల్లు కట్టుకున్నారా, గొయ్యి తవ్వుకున్నారా?" అని. అలాంటి ఎమిల్, 1983 చలికాలంలో మా ఇంటి కిందే నాలుగు వైపులా చెక్కలు కొట్టి, సందుల్లో రంపపు పొట్టు కూరి, చీమ దూరకుండా మూసేశాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటారే, అదీ సంగతి.

ఆ చలికాలం అయిదు నెలలు నేను వాంకూవర్లో ఆస్పత్రిలో ఉన్నాను. రొమ్ములో గడ్డ. కోసి తీసేశారు, తర్వాత మందులు ఎక్కించారు. ఊళ్ళో మాత్రం మా అక్కకి తుంటి విరిగిందని, సాయానికి వెళ్ళానని చెప్పుకున్నాం. ఏప్రిల్ మొదట్లో చిన్న విమానంలో తిరిగొచ్చాను, తల మీద ఉన్ని టోపీతో. మా ఊళ్ళో ఏప్రిల్లో ఉన్ని టోపీ పెట్టుకున్నవాళ్ళని ఎందుకని ఎవరూ అడగరు.

మందుల తర్వాత నా పాదాలు నావి కాకుండా పోయాయి. ఎన్ని మేజోళ్ళు తొడిగినా మంచులో పాతిపెట్టినట్టే ఉండేవి. ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ గుమ్మంలో బూట్లు విప్పాను. వంటింటి నేల మీద కాలు పెట్టాను. నేల వెచ్చగా ఉంది. ఆ ఇంట్లో ఉన్న ఇరవై మూడేళ్ళలో ఆ నేల వెచ్చగా ఉండడం నేను ఎరగను. మేజోళ్ళు కూడా విప్పేసి, ఒట్టి కాళ్ళతో అక్కడే నిలబడి ఏడ్చాను.

"ఏం చేశావు?" అని అడిగాను.

"కొత్త పొయ్యి పెట్టించాను," అన్నాడు ఎమిల్, నా పెట్టె లోపలికి మోసుకుపోతూ.

పొయ్యి నిజంగానే కొత్తది. ఇంటి చుట్టూ గోడలకి నడుమెత్తున మంచు పేరుకుని ఉంది, కింద ఏముందో కనపడదు. నమ్మేశాను.

మే నెలలో నది మీద మంచు పగిలి కొట్టుకుపోయింది. మరో పది రోజులకి ఇంటి చుట్టూ ఉన్నది కూడా కరిగింది. ఆ పొద్దున పక్కింటి మేబెల్ అత్త కేక వినిపించింది. మేబెల్ టైటస్ ఈ ఊరికి ఊరు పేరు లేనప్పటి నుంచీ ఇక్కడున్న ఆదివాసుల మనవరాలు. వాళ్ళలో పెద్ద ఆడవాళ్ళనందరినీ అత్తా అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలుస్తాం.

"ఓ రొవీనా! ఇలా రా అమ్మాయ్. మీ ఆయనకి మతి గానీ పోయిందా?"

వెళ్ళి చూశాను. కొత్త చెక్కలు, వరసగా, ఒక్క సందు లేకుండా. ఎమిల్ కొట్టిన మేకులు నాకు తెలుసు. తలలన్నీ ఒకే ఎత్తున ఉంటాయి.

"మీ తాతల్ని చూశాను, మీ నాన్నల్ని చూశాను," అంది మేబెల్ అత్త. "మంచు మీద పొయ్యి పెట్టి, మంచు కరిగిందని ఏడిచేవాళ్ళు. వీడొక్కడు బుద్ధిమంతుడు అనుకున్నానే!"

సాయంత్రం ఎమిల్ రాగానే అడిగాను. "కొత్త పొయ్యి అన్నావు."

"పొయ్యి కూడా కొత్తదే."

"ఎమిల్!"

టోపీ తీసి మేకుకి తగిలించాడు. అక్కడే నిలబడ్డాడు. "నువ్వు ఉత్తరం రాశావుగా," అన్నాడు. "అన్నీ ఓర్చుకుంటాను గానీ కాళ్ళ చలికి ఓర్చుకోలేను, మన వంటింటి నేల తలుచుకుంటే ఇంటికి రావాలన్నా భయమేస్తోంది అని."

రాశాను. డిసెంబర్లో, మందు ఎక్కించిన మర్నాడు ఎప్పుడో. రాసి మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

"ఇల్లు దిగుతుంది కదా!"

"ఒక మూల కాస్త దిగుతుంది. జాకీ వేస్తాను."

"ఊళ్ళోవాళ్ళు ఎందుకు మూశావంటే ఏం చెప్తావు?"

"ఏమీ చెప్పను. చెప్పొద్దన్నావుగా."

చెప్పొద్దన్నాను. విమానం ఎక్కేముందు ఒట్టు వేయించుకున్నాను కూడా. మా ఊళ్ళో చలికాలం ఏడు నెలలు, జనం వేలల్లో ఉండరు. ఒకరి జబ్బు మిగిలినవాళ్ళకి ఏడు నెలల కాలక్షేపం. అంతకు నాలుగేళ్ళ ముందు పోస్టాఫీసులో పనిచేసే థెల్మాకి ఇదే జబ్బు వస్తే, ఆవిడ కనపడగానే అందరూ గొంతు తగ్గించేవారు. నేనూ తగ్గించాను. ఆవిడ జబ్బుతో పోయిందో మా జాలితో పోయిందో నాకు ఇప్పటికీ అనుమానమే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు.

జూన్ వచ్చేసరికి ఇల్లు నది వైపు మూలకి దిగడం మొదలుపెట్టింది. వంటింటి తలుపు బిగుసుకుపోయింది. పళ్ళెంలో సూపు పోస్తే ఒక పక్క నిండి, రెండో పక్క అడుగు కనపడేది. బంగాళాదుంప చెయ్యి జారితే పొయ్యి కిందికి వెళ్ళి వెతుక్కోవాలి. మంచం సంగతి చెప్పక్కర్లేదు. ఎటు తల పెట్టి పడుకున్నా తెల్లారేసరికి ఇద్దరం జారి ఒకే మూలకి చేరేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అంత దగ్గరగా ఎప్పుడూ పడుకోలేదు, సిగ్గెందుకు చెప్పడానికి.

ఎమిల్ జాకీ వేశాడు. ఇల్లు రెండు అంగుళాలు లేచింది, నాలుగు రోజుల్లో జాకీతో సహా దిగిపోయింది. కింద నేల పాయసంలా ఉంటే జాకీ మాత్రం దేని మీద నిలబడుతుంది? చెక్కలు తీసెయ్యమన్నాను. "వేసవిలో తీసినా ఒకటే, తీయకపోయినా ఒకటే. నేల గట్టిపడేది చలికాలంలోనేగా," అన్నాడు. అది నిజమే. చలి మొదలయ్యేలోగా తీస్తాడని నేను అనుకున్నాను. ఆయన మనసులో వేరే ఉందని ఆగస్టులో గానీ తెలియలేదు.

ఆ జూన్ ఆఖర్లోనే మొదటి బస్సు మా ఇంటి ముందు ఆగింది. బస్సు క్లెమ్ హాలొరన్‌ది, పెద్ద హోటల్ కూడా ఆయనదే. బస్సులో జనానికి ఊరు చూపించే పిల్ల పేరు పెన్నీ, కెనడా దక్షిణం నుంచి వేసవి పనికొచ్చిన కాలేజీ పిల్ల. అటువంటి కొత్తవాళ్ళని మేం చీచాకోలంటాం. ఒక్క చలికాలం కూడా ఊళ్ళో గడపలేదు గానీ, ఊరి చరిత్రంతా దాని నాలుక చివరే ఉండేది.

"ఇప్పుడు మీ కుడి వైపున చూస్తున్నది," అంటోంది మైకులో, "1898లో ఒక ప్రసిద్ధ నర్తకి కట్టించుకున్న ఇల్లు. ఆమె మీద ప్రేమతో ఒక గనివాడు తన బంగారమంతా ఈ ఇంటి కింద పాతిపెట్టాడట. ఆ బరువుకే ఇల్లు ఇలా ఒరిగిందని చెప్తారు."

కెమెరాలు టకటకమన్నాయి. ఎమిల్ మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కప్పు పక్కన పెట్టి లేచాడు.

"ఇదుగో అమ్మాయ్! ఈ ఇల్లు 1961లో నేను కట్టాను. నర్తకి ఎవరు, మా ఆవిడా?"

నేను కిటికీలో ఉన్నాను, చేతిలో పిండి. బస్సంతా నా వైపు తిరిగి పకపకా నవ్వింది. పెన్నీ కూడా నవ్వి, "చూశారా, ఈ ఊరివాళ్ళకి ఎంత హాస్యమో!" అంది. వాళ్ళు ఎమిల్‌ని కూడా ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. నేనూ నవ్వాను. లోపలికొచ్చిన ఎమిల్ మొహం చూశాక ఆపేశాను. ఊళ్ళో ఉన్న ఇళ్ళన్నిటినీ నిలబెట్టిన మనిషి ఇల్లు, ఒరిగిన ఇళ్ళ వరసలో చేరింది.

ఆ తర్వాత బస్సు రోజూ ఆగేది. ఎమిల్ మళ్ళీ బయటికి రాలేదు. బస్సు వచ్చే వేళకి వెనక గదిలో కూర్చుని, పాడైపోని పనిముట్లకి కూడా నూనె రాసుకునేవాడు.

జులై ఆఖర్న మేబెల్ అత్త నది దిగువన చేపల మకాం నుంచి వచ్చి, పొగబెట్టిన చేపముక్కలు తెచ్చి ఇచ్చింది. వంటింట్లో కుర్చీ జారకుండా కాళ్ళు తన్నిపెట్టి కూర్చుంది. నన్ను ఎగాదిగా చూసింది. ఎండాకాలం కదా, టోపీ తీసి రుమాలు కట్టుకుంటున్నాను.

"మీ అక్కకి తుంటి ఎలా ఉంది?"

"కుదురుకుంది అత్తా."

"ఆహా. వాంకూవర్లో అక్కకి తుంటి విరిగితే డాసన్లో చెల్లెలికి జుట్టు ఊడిందా?"

నేను రుమాలు నుదుటి మీదికి లాక్కున్నాను. ఆవిడ చేపముక్క ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"నేనెవరికీ చెప్పనులే. నాకు చెప్పమని కూడా అడగను," అంది. "కానీ ఊళ్ళో ఏమనుకుంటున్నారో వింటున్నావా? ఎమిల్‌కి చూపు పోయిందంటున్నారు. తాగుతున్నాడంటున్నారు. క్లెమ్ అయితే, వయసు మీద పడి బుర్ర మెత్తబడిందంటున్నాడు. వాడేమీ మాట్లాడడు. నువ్వూ మాట్లాడవు. మీ ఇద్దరి మౌనం కన్నా మీ ఇల్లే నయం, కనీసం కిర్రుమంటుంది."

ఆవిడ వెళ్ళాక చేపముక్కలు డబ్బాలో సర్దాను. నా పరువు దాచుకోవడానికి ఎమిల్ పరువు ఖర్చవుతోందని నాకు అంతకు ముందు తెలియదా? తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. కాళ్ళ కింద వెచ్చగా ఉంది కదా.

ఆగస్టులో చర్చి కమిటీ కూర్చుంది. మా సెయింట్ బ్రెండన్ చర్చి గనివాళ్ళు కట్టింది, గంట గోపురం ఏటా నది వైపు కాస్త మొగ్గుతుంది. ఏటా ఎమిల్ దాన్ని తిన్నగా నిలబెడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ పని ఇంకెవరూ ముట్టుకోలేదు. గోపురం పై నుంచి దారం కట్టి వేలాడదీసి, దాని కింద వెల్లకిలా పడుకుని చూస్తుంటే, ప్రార్థనకి వచ్చినవాళ్ళకన్నా భక్తిగా కనిపించేవాడు. ఆ ఏడు ఎడ్మంటన్ నుంచి ఒక కంపెనీ వచ్చింది. నేలలోకి ఇనప గొట్టాలు దింపుతాం, ఇంక ఎవరూ జాకీలు వెయ్యక్కర్లేదు అంది. కమిటీకి పెద్ద క్లెమ్. మినిట్స్ రాసేది నేను.

"ఎమిల్, నీ మీద నాకు కోపం లేదు," అన్నాడు క్లెమ్. నిజంగానే లేదు. పిల్లలప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ. "కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నీ ఇల్లు చూసి చీచాకోలు కూడా నవ్వుతున్నారు. ఏమైందో చెప్పు. మూసింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

ఎమిల్ ఒళ్ళో టోపీ ఉంది. దాని అంచు పట్టుకుని చుట్టూ తిప్పుతున్నాడు. నా వైపు చూడలేదు. చూస్తే నేను చెప్పేస్తానని భయపడ్డాడేమో.

"పొరపాటు," అన్నాడు.

"పొరపాటున నాలుగు వైపులా మేకులు కొట్టావా? పొరపాటున పొట్టు కూరావా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"పొరపాటు చేశాను. అంతే."

క్లెమ్ ఇంకో రెండు నిమిషాలు ఆగాడు. ఆయన నిజంగా కారణం వినాలనే ఆగాడు, అది నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత కంపెనీకి ఇద్దామనేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. లేచాయి. నా చెయ్యి కలం పట్టుకుని ఉంది. "ఎమిల్ యూరిచ్ తన పొరపాటు ఒప్పుకున్నారు" అని రాశాను. మొగుడి మీద అబద్ధాన్ని నా చేతి రాతతోనే, తప్పుల్లేకుండా, చర్చి పుస్తకంలోకి ఎక్కించాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పుస్తకం మూసేశాను.

ఇంటికి నడిచొస్తుంటే ఎమిల్ మామూలుగానే మాట్లాడాడు. ఎవరి వరండా ఎంత దిగిందో చూపించాడు. మా గుమ్మం దగ్గరికి వచ్చాక అన్నాడు:

"వచ్చే వారం మిల్లు నుంచి ఇంకో బండి పొట్టు తెస్తాను. ఉత్తరం వైపు కాస్త పల్చగా ఉంది."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "ఈ చలికాలం కూడా మూసే ఉంచుతావా?"

"నీ వేళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి."

"ఇంకో చలికాలం మూస్తే ఇల్లు మిగలదు ఎమిల్! నాకన్నా నీకు తెలుసు."

"పోతే పోనీ," అన్నాడు. "ఇల్లయితే మళ్ళీ కట్టగలను."

తలుపు భుజంతో నెట్టి, పైకెత్తి, తెరిచి పట్టుకున్నాడు, నేను లోపలికి వెళ్ళడానికి. నేను వెళ్ళాను. ఆ మాటలో మిగిలిన సగం ఆయన అనలేదు, నేను అడగలేదు.

సెప్టెంబరు రెండో వారానికి కొండలు పసుపెక్కి, ఆకు రాలి, పైన మొదటి మంచు పడింది. పొద్దున్నే బకెట్‌లో నీళ్ళ మీద పలచటి పొర. ఎమిల్ ట్రక్కు తీసుకుని పొట్టుకి మిల్లుకి వెళ్ళాడు. ఆయన మలుపు తిరగగానే నేను పనిముట్ల కొట్టులోంచి పలుగు తీసుకుని, ఇంటి ముందు వైపు మొదటి చెక్క సందులో దూర్చాను.

ఎమిల్ కొట్టిన మేకు ఊడదీయడమంటే మాటలు కాదు. కోసిన వైపు చెయ్యి పైకి లేవదు. రెండో చేత్తో పలుగు పట్టుకుని, దాని మీదికి ఒళ్ళంతా వాల్చాను. మొదటి చెక్క ఊడేసరికి చెమట పట్టి రుమాలు జారిపోయింది. తీసి జేబులో పెట్టుకున్నాను. తల మీద వేలెడు జుట్టు కూడా లేదు. పొట్టు జలజలా రాలింది, లోపల నుంచి తడిమట్టి వాసన వచ్చింది.

మేబెల్ అత్త తన మెట్ల మీద కూర్చుని వల బాగుచేసుకుంటోంది. "సాయం రానా?" అంది.

"వద్దు అత్తా."

"మంచిది. నాకూ లేవాలని లేదు," అని వల వైపు వంగింది. కానీ చూపంతా ఇటే ఉంది.

మూడో చెక్క మీద ఉండగా బస్సు వచ్చింది. ఆ ఏటికి అదే ఆఖరి బస్సు. డ్రైవరు అప్పటికే ఊరు వదిలి వెళ్ళిపోయాడు, క్లెమ్ హాలొరనే నడుపుతున్నాడు. పెన్నీ మైకు తీసుకుని నర్తకి కథ మొదలుపెట్టింది. జనం దిగారు. ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికే వచ్చింది. హాలిఫాక్స్ నుంచి వచ్చిందట, మనవడు తోడు. నా తల వైపు చూసింది, మళ్ళీ చూడలేదు.

"ఏమ్మా, ఇందులో ఉండేది మీరేనా? నిజంగా బంగారం రోజుల ఇల్లేనా ఇది?"

"కాదండీ. ఇరవై మూడేళ్ళ కిందట మా ఆయన కట్టాడు. మొన్న చలికాలం దాకా గీత గీసినట్టుండేది."

"మరి ఇలా ఎందుకైపోయింది?"

క్లెమ్ కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి చూస్తున్నాడు. పోస్టాఫీసు వైపు వెళ్ళే ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఆగారు. పలుగు ఆనించుకుని నిలబడ్డాను.

"నాకు క్యాన్సర్ వచ్చిందండీ," అన్నాను. "రొమ్ము తీసేశారు. మందులు ఎక్కించాక కాళ్ళు చల్లబడిపోయాయి, ఎంతకీ వేడి ఎక్కవు. ఇంటికొస్తే నేల చలికి చచ్చిపోతానని ఉత్తరం రాశాను. మా ఆయన ఈ ఊళ్ళో ఇళ్ళు నిలబెట్టేవాడు, కింద మూస్తే ఏమవుతుందో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తెలిసీ మూశాడు. ఎందుకని ఊరంతా అడిగింది. నేను చెప్పొద్దన్నానని చెప్పలేదు. పొరపాటు చేశానన్నాడు. అది పొరపాటు కాదు."

చివరి మాట కిటికీలోని మోచేతి వైపు తిరిగి అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఫోటో కూడా తీయలేదు, ఆ మనవడొక్కడు కెమెరా ఎత్తబోతే ముసలావిడ కర్రతో దాన్ని కిందికి దించింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "జాగ్రత్తమ్మా, ఆ మేకులు తుప్పువి కావు కదా," అంది. కొత్తవేనన్నాను. క్లెమ్ హారన్ కొట్టలేదు, వాళ్ళంతట వాళ్ళు ఎక్కేదాకా ఊరుకున్నాడు. బస్సు కదిలాక చాలాదూరం మైకులో ఏ కథా వినపడలేదు.

ఎమిల్ ట్రక్కు నిండా పొట్టుతో వచ్చేసరికి ముందు వైపంతా తెరిచేశాను.

"ఆలస్యంగా వచ్చావురా. కథ అయిపోయింది," అంది మేబెల్ అత్త మెట్ల మీద నుంచే.

ఎమిల్ ట్రక్కు దిగి నన్ను చూశాడు, నా తల చూశాడు, చెక్కలు చూశాడు. "ఏం చేస్తున్నావ్ రొవీనా?"

"గాలి ఆడనిస్తున్నాను."

"నీ కాళ్ళు..."

"నా కాళ్ళ సంగతి బస్సుకి చెప్పేశాను. బస్సు నడిపేది క్లెమ్. ఇంక ఊళ్ళో తెలియనివాళ్ళెవరూ ఉండరు, నువ్వు దాచేదీ ఏమీ లేదు."

ఎమిల్ ట్రక్కు వెనక చెక్క మీద కూర్చుండిపోయాడు. మొహానికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆయన ఏడవడం అంతకు ముందు ఒక్కసారే చూశాను, వాళ్ళమ్మ పోయినప్పుడు. నేను వెళ్ళి ఓదార్చలేదు. వెళ్తే నేనూ ఏడుస్తాను, ఇంక పని సాగదు. నాలుగో చెక్క సందులో పలుగు పెట్టాను. కాసేపటికి ఇంటి ఉత్తరం వైపు నుంచి మేకు ఊడిన చప్పుడు వినిపించింది, తర్వాత ఇంకొకటి. ట్రక్కులో పొట్టు మేబెల్ అత్త తన కుక్కల కింద పరవడానికి పట్టుకుపోయింది.

మర్నాడు పొద్దున తలుపు తెరిస్తే గుమ్మంలో మేజోళ్ళు. ఉన్నివి, చేత్తో అల్లినవి, దుప్పి తోలువి, ఎవరివో తాతగారి గనిబూట్ల లోపలివి. సాయంత్రానికి ఇంకా వచ్చాయి. ఎవరూ తలుపు కొట్టలేదు, ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడలేదు. పోస్టాఫీసులో ఒకావిడ నన్ను చూసి, "మా ఎర్రవి సరిపోయాయా? సరిపోకపోతే తిరిగిచ్చెయ్, మా వాడికి కావాలి," అంది. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. వీళ్ళనా నేను ఏడాది నుంచీ చూసి భయపడింది? థెల్మా ఉండి ఉంటే ఆవిడకి కూడా నేనో జత అల్లి ఇవ్వాల్సింది, గొంతు తగ్గించే బదులు.

క్లెమ్ మాత్రం తలుపు కొట్టాడు. చేతిలో ఒక జత ఉంది, అంత వికారమైన రంగు నేనెక్కడా చూడలేదు. తనే అల్లానన్నాడు. ఎమిల్ లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"కంపెనీవాళ్ళకి ఇంకా సంతకం పెట్టలేదు," అన్నాడు క్లెమ్, తలుపు వైపు చూస్తూ.

"నా ఇల్లు నిలబెట్టుకోవాలి ముందు. నేల గట్టిపడాలి. ఇల్లు పూర్తిగా కుదురుకోవడానికి రెండేళ్ళు పడుతుంది," అన్నాడు ఎమిల్.

"చర్చి ఆగుతుందిలే. ఎనభై ఏళ్ళ నుంచీ కుంగడం తప్ప దానికి వేరే పనేముంది?" అని క్లెమ్ కాసేపు తచ్చాడాడు. "నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఆ మాట నాది కాదు," అన్నాడు ఎమిల్. "లోపలికి రా, కాఫీ తాగు. అటు కూర్చోకు, జారతావు."

మినిట్స్ పుస్తకంలో ఆ ఆగస్టు పేజీ తెరిచి, నేను రాసిన వాక్యం కొట్టేశాను. పక్కన సంతకం చేశాను.

ఆ చలికాలం మహా గట్టిగా వచ్చింది. ఊరంతా చలిని తిట్టుకుంటుంటే ఎమిల్ ఒక్కడే దాన్ని చుట్టంలా ఎదురెళ్ళి పిలిచేవాడు. వారానికోసారి ఇంటి కింద దూరి ఇనప కడ్డీతో నేలని పొడిచేవాడు. నవంబరు ఆఖర్న కడ్డీ దిగలేదు, ఖంగుమంది. ఆ ఖంగు వంటింట్లో నాకు కూడా వినిపించింది. ఒళ్ళంతా మట్టితో, మీసాల నిండా మంచుతో లోపలికొచ్చి, "పట్టింది! నేల పట్టింది!" అన్నాడు, కొడుకు పుట్టినంత సంబరంగా.

నేల పట్టిందంటే వంటిల్లు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒలికిన నీళ్ళు గుడ్డ తెచ్చేలోగా పేరుకునేవి. నాలుగేసి జతల మేజోళ్ళు ఒకదాని మీద ఒకటి తొడుక్కునేదాన్ని, క్లెమ్‌వి అన్నిటికన్నా లోపల, ఎవరికీ కనపడకుండా. సాయంత్రం భోజనమయ్యాక ఎమిల్ పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని, నా మేజోళ్ళన్నీ ఊడదీసి, చొక్కా గుండీలు విప్పి, నా పాదాలు రెండూ తన పొట్ట మీద పెట్టుకునేవాడు. పెట్టుకోగానే "అమ్మో!" అని కేక పెట్టేవాడు. తర్వాత రోజూ ఒకే మాట.

"ఈ కాళ్ళే ఇంటి కింద పెట్టి ఉంటే నేల కరిగేదే కాదు."

నేను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. కాళ్ళు మాత్రం తీసేదాన్ని కాదు.